మద్ది కుటుంబం చెట్టును గుర్తుపట్టి సరైన పేరు రాయడం ఎలా?

బోటనీ విద్యార్థులు, అడవి అంటే ఇష్టమున్న టీచర్లు పంపే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక బెరడు ఫొటో, పక్కన ఆకు ఫొటో, కింద "ఇది నల్లమద్దా, తెల్లమద్దా? ఏ కుటుంబం రాయాలి?" అని ఒక లైను. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి ఇవి మరీ ఎక్కువ. ఆ రెండు ఫొటోలతో జవాబు తేలదు. చెట్టు ముందు నిలబడి మీకు మీరే తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మద్ది చెట్లది కాంబ్రెటేసీ కుటుంబం. రాబర్ట్ బ్రౌన్ 1810లో దీన్ని విడి కుటుంబంగా గుర్తించాడు. ప్రపంచంలోని ఉష్ణమండలాలన్నిటిలో కలిపి సుమారు 500 జాతులున్నాయి. మన వైపు నల్లమద్ది, తెల్లమద్ది, కరక, తాని, తిరుమాను అడవి చెట్లు. నాటు బాదం, రాధామనోహరం ఇళ్ల దగ్గర పెంచేవి. రోడ్డు డివైడర్ల మీద నాటిన కోనోకార్పస్ కూడా ఈ ఇంటిదే, ఇది చాలామందికి తెలియదు. ఉత్తర తెలంగాణ అడవి రూపం సగం ఈ కుటుంబం వల్లే వచ్చింది. మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి పట్టు పురుగులు మేసేది మద్ది ఆకే. అందుకే ఈ చెట్ల పేర్లు తప్పుగా రాస్తే నాకు బాధగా ఉంటుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- పదింతలు పెద్దగా చూపే చేతి లెన్స్. లేకపోతే మాక్రో ఉన్న ఫోన్ కెమెరా
- కొత్త బ్లేడు, రెండు గుండుసూదులు
- స్కేలు, నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, తడి తగిలితే రాత చెదిరిపోతుంది
- పాత న్యూస్‌పేపర్లు, రెండు గట్టి అట్టలు, తాడు

కాలం చూసుకుని వెళ్లండి. కరక, తాని, మద్ది వేసవిలో, తొలకరికి అటూ ఇటూగా పూస్తాయి. తిరుమాను వానాకాలంలో పూస్తుంది. కాయలు చలికాలం నుంచి ఎండాకాలం మొదటి దాకా దొరుకుతాయి. పువ్వూ కాయా ఒకేసారి దొరకకపోతే టెన్షన్ పడకండి. ఒకే చెట్టుకు గుర్తు పెట్టుకుని రెండుసార్లు వెళ్లడమే సరైన పద్ధతి.

హెచ్చరిక: పాకాల, ఏటూరునాగారం రెండూ అభయారణ్యాలు. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ ఒక్క కొమ్మ కూడా తుంచకూడదు. కాలేజీ ప్రాజెక్టు అన్నంత మాత్రాన మినహాయింపు ఉండదు. అనుమతి రాకపోతే ఊరి చెరువు కట్టలు, వాగు ఒడ్డున ఉన్న పొలాలు, కాలేజీ ఆవరణలు చూడండి. యజమానిని అడిగి తీసుకోండి. తెల్లమద్ది, బాదం, రాధామనోహరం, కోనోకార్పస్ చూడటానికి అసలు అడవికి వెళ్లాల్సిన పనే లేదు.

అడవికి వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన సాధన

పచారీ కొట్టులోనో ఆయుర్వేద మందుల షాపులోనో కరక్కాయలు, తానికాయలు కొన్ని తెచ్చుకోండి. త్రిఫలలోని మూడింటిలో ఈ రెండూ మద్ది కుటుంబానివి, ఉసిరి వేరే కుటుంబం. ఎండిన కరక్కాయ నున్నగా ఉండి, నిలువుగా గట్లు తేలి ఉంటుంది. తానికాయను వేలితో తడిమితే మఖమల్‌లా సన్నటి నూగు తగులుతుంది. ఈ తేడా కళ్లకూ వేలికీ అలవాటైతే జాతుల పట్టికలో చివరి మెట్టు ఇంట్లోనే ఎక్కేసినట్టు.

తర్వాత ఒక నాటు బాదం కాయను పగలగొట్టండి. లోపలి పప్పు విరగకుండా తీసి, బ్లేడుతో అడ్డంగా కోసి లెన్స్‌తో చూడండి. చుట్టిపెట్టిన చాపను ఒక చివర నుంచి చూసినట్టు సుడి కనిపిస్తుంది. అవి ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న బీజదళాలు. మద్దులు, కరక, తాని, నాటు బాదం చేరే టెర్మినేలియా ప్రజాతికి (జీనస్‌కు) ఇది మంచి గుర్తు. పాయసంలో వేసుకునే షాపు బాదంపప్పు ఇందుకు పనికిరాదు. అది గులాబీ కుటుంబానిది, రెండు బద్దలుగా విడిపోతుంది.

1. చెట్టును దూరం నుంచి చూసి రాయండి

చెట్టా, పొదా, తీగా? సుమారు ఎంత ఎత్తు? వాగు ఒడ్డునా, గుట్ట మీదా, ఎర్ర నేలా, నల్ల నేలా? బెరడు రంగు, పగుళ్లు రాయండి. చెట్టు మొత్తం కనిపించేలా ఒకటి, బెరడు దగ్గర నుంచి ఒకటి, కొమ్మ చివర ఒకటి ఫొటోలు తీయండి.

ఊళ్లో వాడే పేరు అడిగి తీరండి. కోయ, నాయకపోడు పెద్దలకు బెరడు చూడగానే చెట్టు తెలుస్తుంది, ఆ జ్ఞానం నిక్కమైనది. కానీ పేరు మాత్రం ఊరు మారితే మారుతుంది. తెల్లమద్దినే వాగుల వెంట ఏరుమద్ది అంటారు, కొన్ని చోట్ల తిరుమానును కూడా మద్ది పేరుతోనే పిలుస్తారు. కాబట్టి "తెల్లమద్ది" అని వినగానే శాస్త్రీయ నామం రాసేయకండి. పేరు, చెప్పిన ఊరు రెండూ నోట్ చేసుకుని ముందుకు సాగండి.

2. ఆకు దగ్గర మూడు పరీక్షలు

ఈ కుటుంబంలో ఆకులన్నీ సరళ పత్రాలే. ఈనె మీద చిన్న ఆకులు వరసగా ఉండే సంయుక్త పత్రం కనిపిస్తే అది ఈ కుటుంబం కాదు. సరళ పత్రమే అయితే ఈ మూడూ చేయండి.

పాల పరీక్ష: ఆకు కాడ తుంచండి. తెల్లటి పాలు కారితే అది ఇప్ప అయ్యే అవకాశం ఎక్కువ. ఇప్పకూ తానికీ ఆకులు కొమ్మ చివర గుంపుగా వస్తాయి కాబట్టి కింద నుంచి చూసినవాళ్లు తరచూ పొరబడతారు. మద్ది కుటుంబంలో పాలు రావు.

వెలుగు పరీక్ష: ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపించి, నలిపితే ఘాటైన వాసన వస్తే అది జామ, నేరేడుల కుటుంబం.

కణుపు పరీక్ష: ఆకు కాడ కొమ్మను అంటుకున్న చోట రెండు వైపులా చిన్న రేకుల్లాంటి పత్రపుచ్ఛాలు ఉన్నాయేమో లెన్స్‌తో వెతకండి. మద్ది కుటుంబంలో అవి ఉండవు. లేత కొమ్మ మీదే చూడాలి. ముదురు కొమ్మ మీద రాలిపోయిన పుచ్ఛాలను చూసి 'లేవు' అని రాయడం చాలా మామూలుగా జరిగే తప్పు.

ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయా అన్నది కూడా రాయండి గానీ దాని మీద భారం వేయకండి. మద్దుల్లో ఒకే కొమ్మ మీద కొన్ని సరిగ్గా ఎదురుగా, కొన్ని కాస్త ఎడంగా ఉంటాయి. కనీసం ఐదారు కణుపులు చూసి రాయండి.

3. గ్రంథులను వెతకండి

టెర్మినేలియా చెట్లలో చాలావాటికి ఆకు మొదట్లో గానీ, కాడ పై భాగాన గానీ చిన్న బొడిపెల్లాంటి గ్రంథులు ఉంటాయి. సాధారణంగా రెండు, ఒక్కోసారి ఒకటే. తెల్లమద్దికి, కరకకు కాడ పైకొసన, ఆకు మొదలయ్యే దగ్గర కనిపిస్తాయి. నల్లమద్దికి ఆకు తిప్పి చూడాలి. అడుగున నడిమి ఈనె పక్కన, మొదటికి దగ్గరగా, చిన్న కాడ మీద గిన్నెలా లేచి ఉంటాయి.

కరక ఆకుల మీద పురుగు కుట్టడం వల్ల వచ్చే ఉబ్బులను గ్రంథులు అనుకోవద్దు. ఆ ఉబ్బులు ఆకు మీద ఎక్కడైనా వస్తాయి, ఒక్కో ఆకుకు ఒక్కో రకంగా ఉంటాయి, కోస్తే డొల్లగా ఉంటాయి. గ్రంథి ప్రతి ఆకుకూ అదే చోట ఉంటుంది. పది ఆకులు చూస్తే అనుమానం తీరుతుంది.

4. పువ్వు కోయండి. కుటుంబం తేలేది ఇక్కడే

చాలామంది ఈ మెట్టును వదిలేస్తారు. పువ్వు చిన్నది, ఓపిక ఉండదు, ఫోన్‌లో యాప్ ఏదో పేరు చూపించేసింది. కానీ కుటుంబం పేరు రాసే హక్కు మీకు వచ్చేది ఈ కోతతోనే.

మొదట రాధామనోహరం పువ్వు తీసుకోండి, పెద్దది కాబట్టి సులువు. పువ్వు కింద పొడవుగా, సన్నగా వేలాడుతున్న ఆకుపచ్చ భాగాన్ని అందరూ కాడ అంటారు. అది కాడ కాదు, గొట్టంగా మారిన రక్షక పత్రావళి, అంటే మొగ్గను కప్పి ఉంచే బయటి వలయం. దాని వెంట వేలు జరుపుతూ కిందికి రండి. గొట్టం అడుగున కొద్దిగా లావెక్కిన చోటు తగులుతుంది. అండాశయం అదే. అంటే పూరేకులు, కేసరాలు అన్నీ అండాశయానికి పైన ఉన్నాయి. దీన్నే నిమ్న అండాశయం అంటారు. ఈ కుటుంబంలో మీరు చూడాల్సిన మొదటి లక్షణం ఇది.

ఆ లావెక్కిన భాగాన్ని నిలువుగా చీల్చండి. లోపల ఒకే ఒక్క గది. ఆ గది పైకప్పు నుంచి చిన్న తెల్లటి అండాలు దారాల్లాంటి వృంతాల మీద కిందికి వేలాడుతుంటాయి. సూదితో మెల్లగా కదిపితే ఊగుతాయి. ఒకే గది, పైనుంచి వేలాడే కొద్ది అండాలు, చివరికి ఒకే గింజ. ఈ మూడూ నిమ్న అండాశయంతో కలిసి వస్తే కాంబ్రెటేసీ అని ధైర్యంగా రాయవచ్చు.

ఇప్పుడు మద్ది లేదా తాని కంకి తీసుకోండి. పువ్వు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. లేత రంగులో నక్షత్రంలా విచ్చుకున్న ఐదు మొనలు కనిపిస్తాయి. విద్యార్థులు వీటిని "పూరేకులు ఐదు" అని రాస్తారు. టెర్మినేలియాకు పూరేకులే ఉండవు, ఆ ఐదూ రక్షక పత్రాల మొనలు. కేసరాలు పది, లోపల ఐదు, బయట ఐదు. నడుమ నూగుతో కూడిన తేనె పళ్లెం. కింద చిన్న కాడలా ఉన్నదే అండాశయం. కోసి చూడండి, సాధారణంగా రెండు అండాలు దొరుకుతాయి.

అండాశయం కనబడటం లేదంటే మీరు కంకి చివరి పువ్వు తీసుకుని ఉంటారు. తాని వంటి చెట్లలో కంకి పై భాగాన ఉండేవి మగపూలు, వాటిలో అండాశయం ఎదగదు. కంకి మొదట్లో ఉన్న పూలు తీసుకోండి.

పూలు దొరకకపోతే ప్రత్యామ్నాయం: లేత కాయను నిలువుగా కోయండి. ఒకే గది, ఒకే గింజ, కాయ కొనమీద రక్షక పత్రావళి రాలిన మచ్చ. ఇవి కనిపిస్తే "బహుశా కాంబ్రెటేసీ" అని రాసుకుని, పూల కాలంలో మళ్లీ సరిచూడండి. మైక్రోస్కోప్ ఉన్న కాలేజీ విద్యార్థులకు ఇంకో దారి ఉంది. ఆకు మీది నూగును గీరి చూస్తే, మందమైన గోడతో, కొన తేలి, అడుగున చిన్న అర ఉన్న ఏకకణ రోమాలు కనిపిస్తాయి. ఈ కుటుంబానికి పేరు తెచ్చిన రోమాలు ఇవే.

5. కాయ దగ్గర తొందర వద్దు

కాయకు రెక్కలున్నాయని మద్ది కుటుంబం అనేయకండి. నెమలినార కాయకు రెక్క ఉంటుంది, వేగిస కాయకూ ఉంటుంది. ఆ రెండూ వేరే కుటుంబాలు. చెన్నంగితో మరీ జాగ్రత్త. ఆకులు ఎదురెదురుగా ఉండి, మద్దితో కలిసే పెరుగుతుంది. కానీ దాని కాయ ఎండి పగులుతుంది, లోపల చాలా గింజలు ఉంటాయి, రెక్క గింజకే ఉంటుంది. మద్ది కాయ పగలదు, రెక్కలు కాయకే ఉంటాయి.

చెట్టు కింద ఏరిన కాయ ఆ చెట్టుదేనా అని కూడా చూసుకోండి. తెల్లమద్ది కాయలు వాగు నీళ్లలో కొట్టుకొస్తాయి. కొమ్మ మీద అలాంటి కాయ కనీసం ఒక్కటైనా కనిపించాలి.

6. జాతి తేల్చే పట్టిక

మన ప్రాంతంలో కనిపించే వాటి కోసమే ఈ పట్టిక. ప్రతి మెట్టులో రెండు మాటలూ పూర్తిగా చదివి, మీ నమూనాకు సరిపోయిన దారిలో వెళ్లండి.

1. తీగ లేదా పాకే పొద అయితే 2కు వెళ్లండి. నిటారుగా పెరిగే చెట్టు, పొద అయితే 4కు.
2. పూరేకులు లేవు, కాయ మీద ఐదు రక్షక పత్రాలు పెరిగి ఎండు రెక్కల్లా నిలిచి ఉన్నాయి: గెటోనియా ఫ్లోరిబండా. అలా కాకపోతే 3కు.
3. పొడవాటి గొట్టం పువ్వు, ఐదు పూరేకులు, తెల్లగా విచ్చుకుని గులాబీ, ఎరుపు రంగులకు మారుతుంది: రాధామనోహరం, కాంబ్రెటం ఇండికం. పూలు చిన్నవి, నాలుగేసి భాగాలు, ఎనిమిది కేసరాలు, కాయకు నాలుగు రెక్కలు: కాంబ్రెటం అల్బిడం.
4. చిన్న కాయలు దగ్గరగా ఒత్తుకుని గుండ్రటి గుత్తిగా ఉంటే 5కు. కాయలు విడివిడిగా, పెద్దవిగా ఉంటే 6కు.
5. ఒక్కో కాయకు రెండు రెక్కలు, కొనన ముక్కులాంటి మొన, ఆకు రాల్చే అడవి చెట్టు, లేత బూడిద రంగు నున్నటి బెరడు: తిరుమాను. ఏడాదంతా పచ్చగా ఉండే సన్నటి ఆకులు, డివైడర్లలో, కంచెల్లో నాటినది, కాయల గుత్తి చిన్న శంకువులా ఉంటుంది: కోనోకార్పస్.
6. కాయకు ఐదు నిలువు రెక్కలుంటే 7కు. రెక్కల్లేని కండ కాయ, లోపల టెంక ఉంటే 8కు.
7. రెక్క మీది గీతలు పైకి వంపు తిరిగి ఉంటే: తెల్లమద్ది, టెర్మినేలియా అర్జున. గీతలు అడ్డంగా, తిన్నగా అంచు దాకా వెళ్తే: నల్లమద్ది, టెర్మినేలియా ఎలిప్టికా.
8. కాయ కాస్త చదునుగా, రెండంచులా గట్టు, ఆకు చాలా పెద్దది, కొమ్మలు అంతస్తులుగా విస్తరిస్తాయి: నాటు బాదం, టెర్మినేలియా కటప్పా. అలా కాకపోతే 9కు.
9. కాయ నున్నగా, ఎండితే గట్లు తేలుతుంది: కరక, టెర్మినేలియా చెబ్యులా. కాయ నిండా బూడిద గోధుమ రంగు నూగు, ఆకు కాడ పొడవు, ఆకులు కొమ్మ చివర గుంపు: తాని, టెర్మినేలియా బెల్లిరికా.

7. నల్లమద్దా, తెల్లమద్దా?

అందరూ అడిగేది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

బెరడు నుంచి మొదలుపెడదాం. ముదురు నల్లమద్ది బెరడు నల్లగా, లోతుగా పగిలి, నలుచదరపు పెంకులుగా విడిపోయి మొసలి వీపును గుర్తు చేస్తుంది. తెల్లమద్ది బెరడు నున్నగా, లేత బూడిద రంగులో ఉండి పలచటి పొరలుగా ఊడుతుంది. పొర ఊడిన చోట లేత గులాబీ, ఆకుపచ్చ ఛాయలు కనిపిస్తాయి. ముదురు చెట్లకు ఇది బాగానే పనిచేస్తుంది. లేత నల్లమద్దికి మాత్రం ఆ పగుళ్లు ఇంకా పడి ఉండవు. పొరపాట్లన్నీ అక్కడే.

చోటు: తెల్లమద్ది నీళ్లను వదలదు. వాగులు, ఒర్రెలు, చెరువు కట్టలు దాని ఇల్లు. నల్లమద్ది అడవి లోపల, గుట్ట వాలు మీద కూడా పెరుగుతుంది. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. రోడ్డు పక్కన నాటిన చెట్లకు ఇది అసలు వర్తించదు.

తీర్పు ఇచ్చేది కాయ. ఎండిన కాయను వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఒక రెక్కను లెన్స్‌తో చూడండి. సన్నటి గీతలు కనిపిస్తాయి. నల్లమద్దిలో అవి కాయ నడిమి నుంచి అడ్డంగా బయలుదేరి తిన్నగా అంచును తాకుతాయి. తెల్లమద్దిలో బయలుదేరాక పైకి వంగుతాయి. నల్లమద్ది రెక్కలు వెడల్పు, తెల్లమద్దివి సన్నం. వెడల్పును ఒక్క కాయతో తేల్చకండి, ఐదారు కాయలు కొలిచి చూడండి. గీతల దిశ మాత్రం ఒక్క మంచి కాయలోనే తెలిసిపోతుంది.

నల్లమద్ది గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2024లో పాపికొండలు నేషనల్ పార్కులో అటవీ సిబ్బంది నల్లమద్ది బోదెను కొడితే నీళ్లు ధారగా కారిన వీడియో అందరూ చూశారు. ఎండాకాలంలో కొన్ని నల్లమద్దులు కాండంలో నీరు నిలవ చేసుకునే మాట నిజమే. అన్ని చెట్లూ అలా చేయవు. చెట్టును గుర్తుపట్టడానికి ఆ పరీక్ష ఎవరూ చేయొద్దు. గొడ్డలి దెబ్బ మానడానికి ఏళ్లు పడుతుంది, మీకు కావాల్సిన రుజువు చెట్టు కింద రాలిన కాయలోనే ఉంది.

8. ఇప్పుడు చెల్లుతున్న పేరు ఏదో చూసుకోండి

పట్టిక దాటాక లేబుల్ మీద రాసే పేరు ఇంకో తలనొప్పి. ఒక పుస్తకంలో టెర్మినేలియా టొమెంటోసా, ఇంకోదాంట్లో టెర్మినేలియా అలాటా, వెబ్‌సైట్‌లో టెర్మినేలియా ఎలిప్టికా ఉంటాయి. ఈ మూడూ నల్లమద్దికే వాడుకలో ఉన్న పేర్లు. మూడు చెట్లు ఉన్నాయనుకుని నమూనాలు అతికించే షీట్లు మూడు చేయకండి.

తిరుమాను కథ ఇంకా విశేషంగా ఉంటుంది. మొదట దాన్ని కోనోకార్పస్ లాటిఫోలియస్ అన్నారు. గుత్తి కాయలను చూసి డివైడర్ల మీది మొక్క ప్రజాతిలోనే చేర్చారన్నమాట. తర్వాత అనోజీసస్ లాటిఫోలియాగా మారింది, మన పుస్తకాలన్నిటిలో ఈ పేరే ఉంది. డీఎన్ఏ పోలికలు చూశాక అనోజీసస్ చెట్లు టెర్మినేలియా శాఖల మధ్యలోనే ఉన్నాయని తేలడంతో 2017లో వాటిని అందులో కలిపేశారు. టెర్మినేలియా లాటిఫోలియా అన్న పేరు అప్పటికే వేరే చెట్టుకు ఉంది కాబట్టి తిరుమానుకు టెర్మినేలియా అనోజీసియానా అని కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది. కోనోకార్పస్ మాత్రం ఇప్పటికీ విడి ప్రజాతే. రాధామనోహరానిదీ ఇలాంటి కథే. క్విస్‌క్వాలిస్ ఇండికా పోయి కాంబ్రెటం ఇండికం వచ్చింది.

చేయాల్సింది ఇది: క్యూ గార్డెన్స్ వారి ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్ వెబ్‌సైట్‌లో మీకు తెలిసిన పాత పేరు కొట్టండి. ఇప్పుడు అంగీకరిస్తున్న పేరు చూపిస్తుంది. లేబుల్ మీద దాన్ని రాసి, పక్కన పాత పేరు కూడా రాయండి. పరీక్షకు మాత్రం మీ సిలబస్‌లో ఉన్న పేరు ముందు రాసి, కొత్త పేరు తర్వాత రాయడం మంచిది. దిద్దేవారికి రెండూ కనిపిస్తాయి.

9. నమూనా ఆరబెట్టి అతికించడం

పువ్వు గానీ కాయ గానీ ఉన్న అడుగు పొడవు కొమ్మ చాలు. పేపర్ల మధ్య పరిచి, ఒక ఆకునైనా అడుగు పైకి వచ్చేలా తిప్పి పెట్టండి, గ్రంథులు కనబడాలి. అట్టలు పెట్టి తాడుతో బిగించి మీద బరువు పెట్టండి. మొదటి నాలుగైదు రోజులు రోజూ పేపర్లు మార్చాలి. వానాకాలంలో బూజు పడుతుంది కాబట్టి మార్చే పేపర్లను ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి వాడండి. కరక్కాయ, తానికాయ, బాదం వంటి లావు కాయలు ప్రెస్‌లో పెట్టకుండా విడిగా ఎండబెట్టి కవర్‌లో వేసి అదే నంబర్ రాయండి.

ఆరిన కొమ్మను సుమారు 42 × 28 సెంటీమీటర్ల షీట్ మీద అతికించి, కుడివైపు కింద లేబుల్ పెట్టండి. కుటుంబం, శాస్త్రీయ నామం, ఊరి పేరు, దొరికిన చోటు, తేదీ, చెట్టు ఎత్తు, బెరడు, పువ్వు రంగు, సేకరించినవారి పేరు ఉండాలి. ఎండితే రంగులు పోతాయి కాబట్టి ఫీల్డులో రాసుకున్నదే ఆధారం.

హెచ్చరిక: పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూయమని పాత ప్రాక్టికల్ పుస్తకాల్లో ఉంటుంది. అది విషం, ఇళ్లలో, స్కూళ్లలో అస్సలు వద్దు. షీట్‌ను గాలి చొరని కవర్‌లో పెట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే సరిపోతుంది.

రాసింది సరైనదో కాదో చూసుకోవడం

లేబుల్ పూర్తయ్యాక షీట్‌ను ఒక రోజు పక్కన పెట్టండి. మర్నాడు పేరు చూడకుండా, నమూనా మాత్రమే చూస్తూ పట్టికలో మొదటి మెట్టు నుంచి మళ్లీ రండి. అదే పేరు దగ్గరకు చేరాలి. తర్వాత స్నేహితుడికి పట్టిక, నమూనా ఇచ్చి పేరు చెప్పకుండా చేయమనండి. ఇద్దరూ వేర్వేరు చోట్లకు చేరితే ఏ మెట్టు దగ్గర విడిపోయారో చూడండి. ఎక్కువగా 4 దగ్గరో 7 దగ్గరో విడిపోతారు, ఆ లక్షణాన్ని లెన్స్‌తో ఇద్దరూ కలిసి చూస్తే తేలిపోతుంది. దగ్గరలోని కాలేజీ లేదా యూనివర్సిటీ బోటనీ విభాగంలో హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల షీట్లు దాచే చోటు) ఉంటే, అడిగి అక్కడి షీటుతో పోల్చుకోండి. ఫోన్ యాప్ చూపిన పేరును ఒక సూచనగా నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు, లేబుల్ మీద కాదు.

పువ్వు కోసి చూసి, కాయ దొరకకపోతే "కాంబ్రెటేసీ, టెర్మినేలియా, జాతి తేలలేదు" అని రాయండి. అది పూర్తి జవాబే, మార్కులు పోతాయని భయపడి ఊహించిన జాతి పేరు రాయకండి. ఆకు ఒక్కటే దొరికితే కుటుంబం పక్కన కూడా ప్రశ్నార్థకం పెట్టండి. ఆ చెట్టు ఉన్న చోటును ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టి, లేబుల్ అడుగున "కాయ కోసం చలికాలంలో చూడాలి" అని పెన్సిల్‌తో రాసి ఉంచండి.